వయసు పైబడిన ఉద్యోగుల ఆరోగ్య ట్రయల్: 18 శాతం డ్రాపౌట్ అని ఒక్క వాక్యం రాసి వదిలేయవచ్చా?

#1 శోధిని

అందరికీ నమస్కారం. 50 ఏళ్లు దాటిన ఉద్యోగులపై జరిగిన ఒక వ్యాయామ ట్రయల్ సమాచారంతో నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం రాస్తున్నాను. పాల్గొన్నవారిని యాదృచ్ఛికంగా రెండు గ్రూపులుగా విడదీశారు. ఒక గ్రూపుకు పని చేసే చోటే వారానికి రెండుసార్లు శిక్షకుడి పర్యవేక్షణలో వ్యాయామం ఉంటుంది. రెండో గ్రూపుకు ఆరోగ్య సలహాల కరపత్రం మాత్రమే ఇచ్చారు. 12 నెలల తరువాత కొలిచే సిస్టాలిక్ రక్తపోటు (రెండు అంకెల్లో పైది) ప్రధాన ఫలితం.

అసలు అంకెలు బయట పెట్టే అనుమతి నాకు లేదు కాబట్టి, వాటి పోకడ మాత్రం నిలిచేలా ఊహా సంఖ్యలు వేసుకున్నాను. ఒక్కో గ్రూపులో 150 మంది చొప్పున 300 మంది చేరారనుకోండి. ఏడాది చివర రక్తపోటు కొలత దొరకనివారు వ్యాయామం గ్రూపులో 34 మంది, కరపత్రం గ్రూపులో 20 మంది. అంటే మొత్తం 54 మంది, 18 శాతం.

మా మార్గదర్శకులు చెప్పినది ఇది: డ్రాపౌట్ 20 శాతం లోపే ఉంది కాబట్టి బెంగ లేదు, ఉండిపోయినవారిని, వెళ్లిపోయినవారిని వయసు, లింగం, చదువు, బరువు, మొదటి రక్తపోటు విషయంలో పోల్చి ఒక పట్టిక వేసి, తేడాలేవీ గణాంకపరంగా గణనీయం కావని చూపితే, డ్రాపౌట్ యాదృచ్ఛికంగానే జరిగిందని రాయవచ్చు. పట్టిక వేశాను. పి-విలువలన్నీ (అంత తేడా కేవలం యాదృచ్ఛికంగా రాగల అవకాశాన్ని చెప్పే అంకెలు) 0.05 కన్నా పైనే వచ్చాయి. అయినా ఆ వాక్యం రాయడానికి చేయి ఆడటం లేదు. నా జంకులో అర్థం ఉందా?

#2 లెక్కలమనిషి

ఉంది. మీ మార్గదర్శకులు చెబుతున్న 20 శాతం సాక్ష్యాధారిత వైద్యం బోధించేవారు వాడుకలోకి తెచ్చిన ఒక మోటు కొలత. 5 శాతం లోపు నష్టమైతే ఫలితం పెద్దగా వంకర పోదని, 20 శాతం దాటితే ఆ ట్రయల్‌ను నమ్మడం కష్టమని దాని సారాంశం. మధ్యలో పడినవాటి సంగతి అది తేల్చదు. పైగా అది ఎంతమంది అన్న ప్రశ్నకే జవాబు. ఎవరు వెళ్లారు, ఎందుకు వెళ్లారు అన్నదాని జోలికి పోదు. రెండు గ్రూపుల నుంచీ ఒకే కారణంతో వెళ్లిన 25 శాతం కన్నా, ఒకే గ్రూపు నుంచి జబ్బు ముదిరి వెళ్లిన 8 శాతం ఎక్కువ చేటు చేయగలదు.

18 శాతం అన్న అంకె మీ అసలు అంకెను దాచేస్తోంది. వ్యాయామం గ్రూపులో 150కి 34 అంటే 22.7 శాతం, కరపత్రం గ్రూపులో 150కి 20 అంటే 13.3 శాతం. యాదృచ్ఛిక కేటాయింపు వల్ల మొదట్లో సమానంగా ఉన్న రెండు గ్రూపులు చివరికి అసమానంగా మిగిలాయి. చర్చ ఇక్కడి నుంచి మొదలుకావాలి.

పి-విలువల సంగతి: 54 మందిని 246 మందితో పోల్చేటప్పుడు మధ్యస్థమైన తేడాలు కూడా గణనీయం కానట్లే కనబడతాయి. తేడా కనబడలేదనడం వేరు, తేడా లేదనడం వేరు. మీరు వెళ్లినవారిని కారణాలవారీగా, ఎన్నో నెలలో వెళ్లారన్నదాని ప్రకారం విడదీసి పెట్టగలరా?

#3 సందేహి

మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి. నేను గణాంకాలు చదివినవాడిని కాను. యాదృచ్ఛికంగా వెళ్లారనడంలో అసలు అర్థం ఏమిటి? మనిషి ఏ కారణమూ లేకుండా మానేయడు కదా?

#4 లెక్కలమనిషి

మంచి ప్రశ్న అడిగారు. కొలతలు ఎలా పోతాయన్నదానిపై 1976లో గణాంక శాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ వేసిన విభజన ఇప్పటికీ వాడుకలో ఉంది. దానిని ఈ ట్రయల్‌కే అన్వయించి చెబుతాను.

కొలత తీసుకోవలసిన రోజున యంత్రం చెడిపోయి, ఆ రోజు వంతు వచ్చిన పదిమంది కొలతలు పోయాయనుకోండి. వారి రక్తపోటుకూ ఆ లోపానికీ ఏ సంబంధమూ లేదు. ఇది పూర్తిగా యాదృచ్ఛికమైన లోపం. రెండో రకం వేరు. రాత్రి షిఫ్టువారు ఎక్కువగా మానేశారు. అయితే ఎవరిది ఏ షిఫ్టో మొదటే రాసుకున్నాం, ఒకే షిఫ్టులో ఉన్నవారిలో మానేసినవారికీ ఉండిపోయినవారికీ రక్తపోటులో తేడా లేదు. అప్పుడు షిఫ్టును లెక్కలోకి తీసుకుంటే ఆ లోపాన్ని సర్దవచ్చు. మూడో రకం ప్రమాదకరమైనది. తన రక్తపోటు పెరిగిందని అనుమానం వచ్చిన మనిషి, ఆ మాట వినడం ఇష్టం లేక కొలత రోజున కనబడకుండా పోతాడు. ఇక్కడ పోయిన అంకే తన లోపానికి కారణం. మన దగ్గరున్న ఏ పట్టికా దీనిని పట్టివ్వదు.

కాబట్టి శోధిని గారి పట్టిక లాంటిది మహా అయితే మొదటి రకం కాదని చూపగలదు. రెండో రకమో మూడో రకమో తేల్చే పరీక్ష మాత్రం అందుబాటులో ఉన్న సమాచారంలో ఉండదు. మీరన్నది నిజమే, కారణం లేకుండా ఎవరూ మానేయరు. ఆ కారణానికి ఫలితంతో ముడి ఉందా లేదా అన్నదే మన ప్రశ్న.

#5 వృత్తివైద్యుడు

నేను కార్మిక ఆరోగ్య రంగంలో పనిచేస్తాను. మీరందరూ చేరినవారిలో ఎవరు వెళ్లారని చూస్తున్నారు. నేను ఇంకొంచెం వెనక్కి వెళతాను. ఉద్యోగంలో ఉన్న 55 ఏళ్ల మనిషి అప్పటికే ఒక జల్లెడలో మిగిలినవాడు. ఒంట్లో బాగోనివారు పనిలో చేరనే చేరరు, చేరినా ముందుగా తప్పుకుంటారు. ఇంగ్లండ్ గణాంకాధికారి విలియం ఓగుల్ 1885లోనే వృత్తులవారీ మరణాల లెక్కలు చూస్తూ ఈ చిక్కును గుర్తించాడు. ఇప్పుడు దానిని ఆరోగ్యవంతులైన కార్మికుల ప్రభావం అంటున్నాం. వయసు పెరిగేకొద్దీ ఈ జల్లెడ ఇంకా సన్నబడుతుంది.

ఆ తరువాత రెండో జల్లెడ, ట్రయల్‌లో చేరడం. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ఉద్యోగులపై జరిగిన ఆరోగ్య కార్యక్రమ ట్రయల్ దీనికి చక్కని ఉదాహరణ. 12,459 మందిని ఆహ్వానిస్తే 4,834 మంది చేరారు. వారిలో 3,300 మందిని కార్యక్రమం గ్రూపులో పెడితే, మొదటి ఏడాది పరీక్షలు, ప్రశ్నావళి రెండూ పూర్తి చేసినవారు 56 శాతం. పాల్గొన్నవారి వైద్య ఖర్చులు కార్యక్రమం మొదలుకాక ముందే తక్కువగా ఉన్నాయి. పాల్గొన్నవారిని పాల్గొననివారితో నేరుగా పోల్చి ఉంటే కార్యక్రమం గొప్పగా పనిచేసినట్లు కనబడేది. కేటాయింపు ప్రకారం పోల్చినప్పుడు వైద్య ఖర్చుల్లో గణనీయమైన తేడా లేదు.

శోధిని గారూ, మీ మొదటి పట్టికలో వయసు, లింగం, చదువు, బరువు, రక్తపోటు ఉన్నాయన్నారు. పనికి సంబంధించిన లక్షణం ఒక్కటీ లేదు! షిఫ్టు ఏమిటి, బరువులు ఎత్తే పనా కూర్చుని చేసే పనా, జీతం నెలకా గంటకా, పదవీ విరమణకు ఎన్నేళ్లుంది, కీళ్ల నొప్పులున్నాయా, ఇంట్లో మంచాన పడినవారిని చూసుకునే బాధ్యత ఉందా? వయసు పైబడిన ఉద్యోగులు మానేయడాన్ని వయసు కన్నా ఇవే ఎక్కువగా వివరిస్తాయని నా అనుభవం. ఫిన్లండ్ వృత్తి ఆరోగ్య సంస్థ రూపొందించిన పని సామర్థ్య సూచిక అనే ప్రశ్నావళి ఉంది. 7 నుంచి 49 దాకా మార్కులు, 27 లేదా అంతకన్నా తక్కువ వస్తే పని సామర్థ్యం బలహీనమని అర్థం. మీవాళ్లు అలాంటిది నింపించారా?

#6 క్షేత్రనర్సు

ఇలాంటి ట్రయల్స్‌లో కొలతలు తీసుకునే పని నేను చాలా ఏళ్లు చేశాను. మీరంతా డ్రాపౌట్ అన్న ఒకే మాట వాడుతున్నారు. మా రిజిస్టరులో మాత్రం అవి కనీసం మూడు.

ఒకరు వ్యాయామానికి రావడం మానేస్తారు, కానీ రక్తపోటు చూస్తామంటే కాదనరు. ఇంకొకరు ఊరు మారి, ఉద్యోగం మారి, ఫోన్ నంబరు మారి చేతికి అందరు. మూడో మనిషి నాకిక ఈ ట్రయల్ వద్దని సమ్మతి వెనక్కి తీసుకుంటారు. కారణం చెప్పకుండా అలా తీసుకునే హక్కు వారికి ఉంది, ఆ తరువాత మనం ఫోన్ చేయకూడదు. ఈ మూడింటినీ ఒకే గడిలో వేస్తే, మొదటి రకం మనిషి కొలత మన చేతకానితనం వల్ల పోయిందన్న సంగతి ఎవరికీ తెలియదు.

శోధిని గారిని ఒకటి అడుగుతాను. వ్యాయామం మానేసినవారిని 12 నెలల కొలతకు పిలిచారా? చాలాచోట్ల పిలవరు. మానేసినవారు జాబితాలో నుంచి ఎలాగూ పోయారని, శిక్షకుడు వారి పేర్ల మీద గీత కొడతాడు. ఆ గీత కొట్టిన జాబితానే కొలతల రోజున మా చేతికి వస్తుంది.

#7 శోధిని

రెండు రోజులు రికార్డులు తిరగేశాను. క్షేత్రనర్సు గారి ప్రశ్న చదివినప్పుడే గుండె గుభేలుమంది, ఇప్పుడు ఎందుకో అర్థమైంది.

నా ఊహా సంఖ్యల భాషలోనే చెబుతాను. వ్యాయామం గ్రూపులో కొలత దొరకని 34 మందిలో 9 మంది పదవీ విరమణ వల్లో మరో కారణంగానో ఉద్యోగం విడిచారు, 4 మంది అనారోగ్యం పాలయ్యారు, 6 మంది కారణం తెలియకుండా అందుబాటులో లేకుండా పోయారు. మిగతా 15 మంది ఉద్యోగంలోనే ఉన్నారు, ఆరోగ్యంగానే ఉన్నారు, సమ్మతి వెనక్కి తీసుకోలేదు. వ్యాయామానికి రావడం మానేశారు, అంతే. వారి పేర్ల పక్కన నిష్క్రమించారు అని రాసి ఉంది. కొలతకు పిలిచినట్లు ఎక్కడా నమోదు కాలేదు.

కరపత్రం గ్రూపులో 20 మంది: ఉద్యోగం విడిచినవారు 8, అనారోగ్యం 3, అందుబాటులో లేనివారు 9. ఆ గ్రూపులో మానేయడానికి వ్యాయామమే లేదు కాబట్టి అలా పేరు కొట్టివేయబడినవారూ లేరు.

కాలం విషయానికి వస్తే, ఆ 15 మందిలో ఎక్కువమంది మొదటి 8 వారాల్లోనే మానేశారు. ఉద్యోగం విడిచినవారు ఏడాది పొడవునా అక్కడొకరు ఇక్కడొకరుగా ఉన్నారు. వృత్తివైద్యుడు గారూ, పని సామర్థ్య సూచిక నింపించలేదు. షిఫ్టు, పని రకం, జీతం పద్ధతి మాత్రం మొదటి ప్రశ్నావళిలో ఉన్నాయి, పట్టికలో పెట్టాలని నాకే తోచలేదు.

#8 లెక్కలమనిషి

మీ అధ్యాయం ఈ ఒక్క విభజనతో మారిపోయింది. ఉద్యోగం విడిచినవారు 9, 8. అనారోగ్యం 4, 3. జీవితం వల్ల జరిగే నష్టం రెండు వైపులా ఇంచుమించు సమానమే. 22.7 శాతానికీ 13.3 శాతానికీ మధ్య తేడా అంతా ఆ 15 మందిలోనే ఉంది. వారిని పోగొట్టింది ట్రయల్ నిర్వహణ.

అది తేలికైన తప్పు కాదు. కేటాయించిన గ్రూపు ప్రకారం అందరినీ లెక్కించాలన్న నియమం, వ్యాయామం చేసినా చేయకపోయినా, మన యాదృచ్ఛిక కేటాయింపును కాపాడే కంచె. వ్యాయామం మానేసిన 15 మందిని వదిలేస్తే ఆ గ్రూపులో మిగిలేది వ్యాయామం చేయగలిగినవారు, చేయాలనుకున్నవారు. వారి రక్తపోటు తగ్గితే అది వ్యాయామం వల్లనా, వారు అలాంటివారు కావడం వల్లనా అన్నది విడదీయలేం. కరపత్రం గ్రూపులో అలాంటి ఏరివేత జరగలేదు కాబట్టి పోలిక ఒకవైపే వంగుతుంది.

#9 రిటైర్డ్ ఫోర్‌మన్

నేను పరిశోధకుడిని కాను. ఇలాంటి ఒక ట్రయల్‌లో 57 ఏళ్ల వయసులో చేరి, రెండు నెలలకే మానేసినవాడిని. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. నా వైపు మాట కూడా మీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మోకాలి నొప్పి వల్ల మానేశానని ఫారంలో రాశాను. నొప్పి ఉన్న మాట నిజమే కానీ అది అసలు కారణం కాదు. వ్యాయామం షిఫ్టు అయిపోయాక పెట్టారు. తోటివారు ఇంటికి పోతుంటే మేము చెమటతో ఆగిపోవాలి. పైగా రక్తపోటు అంకెలు పై అధికారుల దాకా వెళతాయని, బరువైన పనికి పనికిరారని తేలితే ముందుగానే ఇంటికి పంపుతారని ఒక పుకారు పుట్టింది. అది నిజం కాదని ట్రయల్ వాళ్లు చెప్పారు, కాగితం మీద కూడా రాసి ఇచ్చారు. కానీ ఇంకా మూడేళ్ల సర్వీసు ఉన్నవాడు ఆ కాగితాన్ని ఎంతవరకు నమ్ముతాడు? ఎదుటివారి మనసు నొప్పించని కారణం మోకాలే కదా అని అదే రాశాను.

మానేశాక ఒక్కసారి ఇంటికి వచ్చి రక్తపోటు చూస్తామని అడిగి ఉంటే కాదనేవాడిని కాదు. ఎవరూ అడగలేదు.

#10 వృత్తివైద్యుడు

ఫోర్‌మన్ గారి మాటలు నా పాతికేళ్ల పాఠాల కన్నా విలువైనవి. నమోదైన కారణం చాలాసార్లు మర్యాద కోసం చెప్పిన కారణమే. అందుకే కారణాల పట్టికను చివరి సత్యంగా తీసుకోకూడదు. శోధిని గారి 4 మంది అనారోగ్యం, 6 మంది అందుబాటులో లేకపోవడం కూడా అంత గట్టి గోడలున్న గడులు కావు.

యజమాని ఆవరణలో జరిగే ట్రయల్‌కు ఈ భయం పుట్టుకతో వచ్చే చిక్కు. ఆరోగ్య సమాచారం కంపెనీ కంప్యూటర్లలో ఉండదని, కొలిచేవారు కంపెనీ జీతగాళ్లు కారని కళ్లకు కనబడేలా ఏర్పాటు చేయాలి. హామీ పత్రం ఒక్కటే చాలదు. ఉద్యోగ భద్రత తక్కువగా ఉన్నవారిలో, విరమణకు దగ్గర పడినవారిలో ఈ భయం ఎక్కువ. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవారిలో ఇంకా ఎక్కువ. కాబట్టి ఈ భయం వల్ల జరిగే డ్రాపౌట్ లెక్కలమనిషి గారి మూడో రకానికే దగ్గరగా ఉంటుంది.

#11 సమీక్షకుడు_07

పత్రికలకు వచ్చే ట్రయల్ వ్యాసాలు సమీక్షిస్తుంటాను. మూడు మాటలు చెబుతాను, కొంచెం కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

1996లో మొదలై 2001, 2010, 2025లలో సవరించిన కన్సార్ట్ మార్గదర్శకాలు (ట్రయల్ ఫలితాలను ఎలా నివేదించాలో చెప్పేవి) ప్రతి గ్రూపుకూ విడిగా ఎంతమంది చేరారు, ఎంతమందికి కార్యక్రమం అందింది, ఎంతమంది ఏ కారణంతో పోయారు, ఎంతమందిని విశ్లేషించారు అన్నది ప్రవాహ చిత్రంగా చూపమంటాయి. మొత్తం 18 శాతం అని ఒక్క వాక్యంలో రాస్తే నేను వ్యాసాన్ని వెనక్కి పంపుతాను.

రెండోది, ఉండిపోయినవారు వెర్సస్ వెళ్లిపోయినవారు అనే పట్టికను రెండు గ్రూపులూ కలిపి వేయడం దాదాపు నిరుపయోగం. ఊహకు ఒక ఉదాహరణ తీసుకోండి. వ్యాయామం గ్రూపు నుంచి ఒళ్లు సహకరించని 10 మంది వెళ్లారు. కరపత్రం గ్రూపు నుంచి, మాకేమీ ఒరగలేదని విసిగి, చురుకైన 10 మంది వెళ్లారు. ఈ రెండు రకాలవారినీ కలిపితే సగటు మామూలుగానే కనబడుతుంది. పట్టికలో ఏ తేడా ఉండదు. కానీ మిగిలిన వ్యాయామం గ్రూపు చురుకైనవారితో, మిగిలిన కరపత్రం గ్రూపు నీరసించినవారితో నిండిపోయింది. వంకర గరిష్ఠం, పట్టిక ప్రశాంతం! కాబట్టి ఒక్కో గ్రూపులో ఉండిపోయినవారికి, వెళ్లిపోయినవారికి విడిగా, మొత్తం నాలుగు నిలువు వరుసలు వేయండి, పి-విలువల బదులు తేడా పరిమాణం చూపండి.

మూడోది, 54 డ్రాపౌట్లతో లాజిస్టిక్ నమూనా (ఏ లక్షణాలున్నవారు మానేసే అవకాశం ఎక్కువో అంచనా కట్టే లెక్క) వేసి పదిహేను లక్షణాలు కుక్కకండి. ఒక్కో లక్షణానికి కనీసం పది సంఘటనలు (ఇక్కడ డ్రాపౌట్లు) ఉండాలన్న పాత సూత్రంపై వాదోపవాదాలున్నా, దాని హెచ్చరికలో తప్పు లేదు. ఐదారు లక్షణాలు, ముందుగా ఆలోచించి ఎంచుకున్నవి చాలు.

#12 సందేహి

ఇంత బాధ ఎందుకు? మానేసేవారిని ముందే కనిపెట్టి చేర్చుకోకపోతే సరిపోదా? ఒక నెల అందరితో వ్యాయామం చేయించి, క్రమం తప్పకుండా వచ్చినవారినే గ్రూపులుగా విడదీస్తే డ్రాపౌట్ ఉండదు కదా?

#13 లెక్కలమనిషి

అలా చేసిన ప్రసిద్ధ ట్రయల్ ఉంది. అమెరికాలో 40 నుంచి 84 ఏళ్ల మగ వైద్యులపై 1982లో మొదలైన ఆస్పిరిన్ ట్రయల్‌లో, కేటాయింపుకు ముందు 18 వారాల పరిశీలన కాలం పెట్టారు. అందులోకి వచ్చిన 33,223 మందిలో 22,071 మందిని మాత్రమే గ్రూపులుగా విడదీశారు. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకునేవారు మిగలడంతో తరువాతి నష్టం చాలా తగ్గింది. మాత్ర గుండెపోటును ఆపుతుందా అన్న ప్రశ్నకు అది సరైన పద్ధతి.

#14 వృత్తివైద్యుడు

ఈ పద్ధతిని ఇక్కడ వాడడాన్ని నేను ఒప్పుకోను. ఉద్యోగుల వ్యాయామ ట్రయల్ అడిగే ప్రశ్న మాత్ర శక్తి గురించి కాదు. ఈ కార్యక్రమాన్ని అందరికీ అందుబాటులో పెడితే ఏం జరుగుతుంది అన్నది ప్రశ్న. నెలరోజులు క్రమం తప్పకుండా వచ్చే 58 ఏళ్ల మనిషికి బహుశా పగటి షిఫ్టు, కూర్చుని చేసే పని, ఇంట్లో సాయం ఉండి ఉంటాయి. మనం ఎవరి కోసం కార్యక్రమం పెడుతున్నామో వారినే గుమ్మంలో ఆపేసినట్లవుతుంది. నెదర్లాండ్స్‌లో 45 దాటిన 730 మంది ఆసుపత్రి ఉద్యోగులతో యోగా, వ్యాయామం, ఉచిత పండ్లు, సలహాదారుతో భేటీలు కలిపి ఒక ట్రయల్ చేశారు. అలాంటి కార్యక్రమాలలో ఎన్ని తరగతులకు వచ్చారన్నది కూడా ఒక ఫలితమే. దానిని దాచేసి మిగతాది చెబితే సగం కథ అవుతుంది.

#15 లెక్కలమనిషి

ఒప్పుకుంటున్నాను. ప్రశ్న మారితే పద్ధతి మారుతుంది. 2019లో ఔషధ ట్రయల్స్ కోసం వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకం, ఐసీహెచ్ ఈ9 అనుబంధం, చెప్పేది కూడా అదే: మధ్యలో వచ్చిపడే ఘటనలను ఎలా లెక్కిస్తామో ప్రశ్నలోనే ముందుగా చెప్పాలి. వయసు పైబడిన ఉద్యోగుల ట్రయల్‌లో పదవీ విరమణ అలాంటి ఘటన. విరమణ తరువాత కూడా ఆ మనిషికి రక్తపోటు ఉంటుంది! కాబట్టి అది కొలత లేకపోవడానికి కారణం కానక్కర్లేదు. కొలత బల్లను ఆఫీసు లోపలే పెట్టుకున్నాం కాబట్టి ఉద్యోగం పోగానే కొలత పోయింది.

#16 శోధిని

ఈ మాట నాకు బాగా పట్టింది. మా 17 మంది ఉద్యోగం విడిచినవారిలో ఎంతమంది ఇంటి చిరునామాలు తీసుకున్నారో చూశాను. ఒక్కటీ లేదు, అన్నీ ఆఫీసు ఫోన్ నంబర్లే.

ఇప్పుడు విశ్లేషణ ప్రశ్న. పోయిన కొలతల స్థానంలో ప్రతి మనిషికీ చివరిగా దొరికిన రక్తపోటును పెట్టాలని మొదటి ప్రణాళికలో ఉంది. అలాగే చేయవచ్చా?

#17 లెక్కలమనిషి

దయచేసి వద్దు. మీవారిలో చాలామంది మొదటి 8 వారాల్లో మానేశారు కాబట్టి, వారి చివరి కొలత అంటే ట్రయల్ ఆరంభపు కొలతే. ఏడాది గడిచినా వారి రక్తపోటు చుక్క కూడా కదలలేదని చెప్పినట్లవుతుంది. ఈ వయసులో అలా అనుకోవడానికి ఆధారం లేదు. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2010 నివేదిక కూడా ఈ పద్ధతిని, దానికి తగిన కారణం లేనిదే, ప్రధాన విశ్లేషణగా వాడవద్దని చెప్పింది.

బహుళ ఇంప్యూటేషన్ చేయండి, అంటే పోయిన ప్రతి కొలతకూ మిగతా సమాచారం ఆధారంగా పలుమార్లు అంచనాలు వేసి, ఆ ఫలితాలను కలపడం. గ్రూపుల వారీగా విడివిడిగా చేయండి. మొదటి రక్తపోటుతో పాటు షిఫ్టు, పని రకం, జీతం పద్ధతి, మధ్యలో తీసుకున్న కొలతలు, ఎన్ని తరగతులకు వచ్చారన్నది అందులో చేర్చండి. అది రెండో రకం లోపాన్ని సర్దుతుంది. మూడో రకానికి మందు లేదు కానీ, ఎంత దూరం వరకు మన నిర్ణయం నిలుస్తుందో పరీక్షించవచ్చు.

లెక్క చూడండి. ఇంప్యూటేషన్ తరువాత వ్యాయామం వల్ల రక్తపోటు 4 మిల్లీమీటర్లు తగ్గిందని, ప్రామాణిక దోషం (ఆ అంచనా అటూ ఇటూ ఊగగల కొలత) 1.5 అని అనుకుందాం. 95 శాతం విశ్వాస అవధి (సమాచారంతో పొసగే ప్రభావాల పరిధి) సుమారు 1.1 నుంచి 6.9. ఇప్పుడు వ్యాయామం గ్రూపులో కొలత దొరకనివారి నిజమైన రక్తపోటు మనం ఊహించినదానికన్నా ఎక్కువని అనుకుంటూ పోదాం. వారు గ్రూపులో 22.7 శాతం కాబట్టి, ప్రభావం పూర్తిగా సున్నా కావాలంటే వారు సగటున 17.6 మిల్లీమీటర్లు అధ్వానంగా ఉండాలి. అది నమ్మశక్యం కాదు. కానీ విశ్వాస అవధి సున్నాను తాకడానికి దాదాపు 4.7 మిల్లీమీటర్లు చాలు. వ్యాయామం మానేసినవారు అంత తేడాతో ఉండడం ఎవరూ కొట్టిపారేయలేని విషయం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాయండి. పాఠకుడు తానే తూచుకుంటాడు.

#18 క్షేత్రనర్సు

ఇంప్యూటేషన్ చేయండి, మంచిదే. అంతకన్నా ముందు ఆ 15 మంది ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారన్నారు కదా? వారు సమ్మతి వెనక్కి తీసుకోలేదన్నారు కదా? నైతిక సమీక్షా సంఘాన్ని అడిగి వారికి ఇప్పుడు కొలత తీసుకోవచ్చు. 12 నెలలకు బదులు 15 నెలలదవుతుంది. ఆ తేడాను రాసుకోండి. ఊహించిన అంకె ఎంత శాస్త్రీయమైనా, పట్టీ చుట్టి చూసిన అంకెతో సాటిరాదు.

పిలిచేటప్పుడు రెండు జాగ్రత్తలు. వ్యాయామం ఎందుకు మానేశారని మొదటి వాక్యంలో అడగకండి, సంజాయిషీ అడిగినట్లుంటుంది. కొలత పని గంటల్లోనే, ఆ సమయానికి జీతం కోయకుండా ఉండేలా చూడండి. గంటల లెక్కన జీతం తీసుకునేవారికి అరగంట అంటే అరగంట కూలి. కరపత్రం గ్రూపులో అందుబాటులో లేని 9 మందిని కూడా అంతే శ్రద్ధతో వెతకాలి. ఒకవైపే వెతికితే సమీక్షకుడు గారు మళ్లీ వెనక్కి పంపుతారు.

#19 సమీక్షకుడు_07

తప్పకుండా పంపుతాను. ఆలస్యంగా తీసిన కొలతలను చేర్చి ఒకసారి, చేర్చకుండా ఒకసారి ఫలితం చూపండి. ప్రణాళిక మార్చిన తేదీని, కారణాన్ని దాచకండి.

#20 సందేహి

ఇంకొక్క చిన్న సందేహం తీర్చండి. తరువాతి ట్రయల్‌కు చివరిదాకా 200 మంది కావాలి, 20 శాతం పోతారు అనుకుంటే 240 మందిని చేర్చుకుంటే చాలు కదా?

#21 లెక్కలమనిషి

చాలదు. 240 మందిలో 20 శాతం పోతే మిగిలేది 192. 200ను 0.8తో భాగించాలి, 250 వస్తుంది. అయితే అదనంగా 50 మందిని చేర్చినంత మాత్రాన వంకర తగ్గదు, కచ్చితత్వం పెరుగుతుంది, అంతే. ఒకే రకం మనుషులు పోతూ ఉంటే, ఎంత పెద్ద ట్రయల్ అయితే అంత నిక్కచ్చిగా తప్పు జవాబు వస్తుంది.

#22 శోధిని

మార్గదర్శకులకు ఈ విభజన పట్టిక చూపించాను. మొదట కొంచెం నొచ్చుకున్నారు, తరువాత ఆయనే నైతిక సంఘానికి లేఖ రాశారు. అనుమతి వచ్చింది. 15 మందిలో ఇప్పటికి 11 మంది కొలతకు ఒప్పుకున్నారు (ఇదీ ఊహా సంఖ్యే, కానీ నిష్పత్తి అలాగే ఉంది). కరపత్రం గ్రూపులోనూ వెతుకుతున్నాం. ఉద్యోగం విడిచినవారిలో కొందరి ఇంటి నంబర్లు పాత తోటి ఉద్యోగుల దగ్గర ఉన్నాయి, కానీ అలా తీసుకోవడం సమ్మతి పత్రంలో లేనందున వాటి జోలికి పోలేదు.

డ్రాపౌట్ యాదృచ్ఛికంగా జరిగింది అన్న వాక్యం తీసేశాను. దాని స్థానంలో ప్రస్తుతానికి ఇలా ఉంది: "వ్యాయామం గ్రూపులో కొలత దొరకని 34 మందిలో 15 మంది, కార్యక్రమానికి రావడం మానేసిన కారణంగా నిర్వాహకులు 12 నెలల కొలతకు పిలవనివారు." నిర్వాహకులు అన్న మాట ఉంచాలా, పిలవబడనివారు అని రాసి ఊరుకోవాలా అని మా విభాగంలో వాదన నడుస్తోంది.

#23 క్షేత్రనర్సు

ఉంచండి. జాబితాలో గీత తనంతట తాను పడలేదు.

#24 రిటైర్డ్ ఫోర్‌మన్

ఒప్పుకోని ఆ నలుగురినీ మాత్రం మళ్లీ మళ్లీ అడగకండమ్మా. ఒకసారి అడిగారు, అది చాలు.